‘మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?’ అంటే సరిపోదు

సంపాదకుల వారికి,

రొమ్ములో గడ్డతో ఆస్పత్రికి వచ్చిన మహిళల కేస్‌షీట్లు తిరగేస్తే ‘ఫ్యామిలీ హిస్టరీ: లేదు’ అన్న మాట చాలా వాటిలో కనిపిస్తుంది. ఆమెను అడిగింది ఒకటే ప్రశ్న: ‘మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా?’ పక్కన భర్తో, అత్తగారో నిలబడి ఉంటారు. వెనక పెద్ద లైను ఉంటుంది. ఆమె ‘లేదండీ’ అంటుంది, అదే రాసేస్తారు. తర్వాత తీరిగ్గా కూర్చోబెట్టి బంధువులను ఒక్కొక్కరినీ పేరుపేరునా అడిగితే, మేనత్తకు నలభై ఏళ్లకే రొమ్ము తీసేశారన్న సంగతి బయటికొస్తుంది. రొమ్ము క్యాన్సర్ వైద్యంలోనూ జెనెటిక్ కౌన్సెలింగ్‌లోనూ (వంశపారంపర్య జబ్బుల గురించి కుటుంబాలకు ఇచ్చే సలహా) పనిచేస్తున్న మేము ఆ ప్రశ్నను ఎలా అడగాలో, జవాబును ఏం చేసుకోవాలో మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు ఒక భయం, ఒక భ్రమ రెండూ తీరాలి. 2001లో 52 అధ్యయనాల వివరాలు కలిపి, రొమ్ము క్యాన్సర్ వచ్చిన 58 వేల మందికి పైగా మహిళల సమాచారం విశ్లేషించారు. అందులో తేలిందేమిటంటే, ఈ జబ్బు వచ్చిన ప్రతి 9 మందిలో 8 మందికి తల్లి, అక్కచెల్లెళ్లు, కూతుళ్లలో ఎవరికీ ఈ జబ్బు లేదు. కాబట్టి ‘మా వంశంలో లేదు, మాకు రాదు’ అనుకుని గడ్డను నెలల తరబడి చూస్తూ ఊరుకోవడం ప్రమాదం. నొప్పి లేని కొత్త గడ్డ, చనుమొన లోపలికి లాక్కుపోవడం, చనుమొన నుంచి నెత్తురు కలిసిన స్రావం, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడటం కనిపిస్తే వంశంలో ఉన్నా లేకపోయినా ఆ వారంలోనే డాక్టరుకు చూపించాలి.

అదే అధ్యయనం ప్రకారం తల్లి, అక్కచెల్లెళ్లు, కూతుళ్లలో ఒకరికి జబ్బు ఉంటే ముప్పు సుమారు 1.8 రెట్లు, ఇద్దరికి ఉంటే 2.9 రెట్లు అవుతుంది. ‘రెట్టింపు’ అనగానే గుండె జారిపోతుంది. అసలు లెక్క చూడండి. మన దేశంలో 74 ఏళ్లలోపు ప్రతి 29 మంది మహిళల్లో ఒకరికి రొమ్ము క్యాన్సర్ వస్తుందని ఐసీఎంఆర్ క్యాన్సర్ రిజిస్ట్రీల 2020 అంచనా. తల్లికి వచ్చిన కూతురికి అది స్థూలంగా 16 మందిలో ఒకరు అవుతుంది. మిగతా 15 మందికి రాదు. జాగ్రత్త పడాల్సిన స్థాయే, కానీ ఆ పేరు వింటేనే కుమిలిపోవాల్సిన స్థాయి కాదు.

అసలు ఆందోళన పడాల్సింది వేరే కుటుంబాల గురించి. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో 5 నుంచి 10 శాతం ఏదో ఒక్క జన్యువులో పుట్టుకతో వచ్చిన మార్పు వల్ల వస్తాయి. వీటిలో ముఖ్యమైనవి బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2. మొదటిది 17వ క్రోమోజోము మీద ఉందని 1990లో మేరీ క్లెయిర్ కింగ్ బృందం చూపించింది. 1994లో ఆ జన్యువును, 1995లో 13వ క్రోమోజోము మీదున్న రెండోదాన్ని పట్టుకున్నారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఈ రెండూ తెగిన డీఎన్‌ఏను అతికించే పని చేస్తాయి. ఒక్కో జన్యువుకు మనలో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు ప్రతులు (కాపీలు) ఉంటాయి. వాటిలో ఒక ప్రతి పుట్టుకతోనే చెడిపోయి ఉంటే, రెండో ప్రతి కూడా ఏదో ఒక కణంలో చెడిన రోజున ఆ కణం అదుపు తప్పే అవకాశం పెరుగుతుంది. 2017లో వచ్చిన పెద్ద అధ్యయనం ప్రకారం 80 ఏళ్లు వచ్చేసరికి బీఆర్‌సీఏ1 మార్పు ఉన్న మహిళల్లో 72 శాతానికి, బీఆర్‌సీఏ2 మార్పు ఉన్నవారిలో 69 శాతానికి రొమ్ము క్యాన్సర్ వస్తుంది. అండాశయ క్యాన్సర్ ముప్పు వరుసగా 44, 17 శాతం. పీఏఎల్‌బీ2, టీపీ53 లాంటి మరికొన్ని జన్యువులు కూడా ఉన్నాయి.

ఈ మార్పు తల్లి నుంచి ఎంత వస్తుందో తండ్రి నుంచీ అంతే వస్తుంది. ఆస్పత్రి ఫారాల్లో ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. ఉదాహరణకు 34 ఏళ్ల మహిళ ఒకామె వచ్చిందనుకోండి. తల్లి, అమ్మమ్మ, తల్లి తోబుట్టువులు అందరూ బాగున్నారు. తండ్రికి 66 ఏళ్లు, ఏ జబ్బూ లేదు. తండ్రి చెల్లెలికి 41వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. నాయనమ్మ 52 ఏళ్లకు ‘కడుపులో నీరు పట్టి’ చనిపోయింది. ఈమె ఫారంలో ‘లేదు’ అనే ఉంటుంది, ఎందుకంటే అడిగింది అమ్మ గురించే. కానీ చదవడం తెలిసినవారికి ఆ నాలుగు వాక్యాలు చాలు. నాయనమ్మది అండాశయ క్యాన్సర్ కావచ్చు. ఆమె దగ్గర బీఆర్‌సీఏ మార్పు ఉండి ఉంటే తండ్రికి వచ్చి ఉండే అవకాశం సగం, ఆయన ద్వారా ఈమెకు అందులో సగం, అంటే 25 శాతం. తండ్రి ఆరోగ్యంగా ఉండటం ఏమీ తేల్చదు. బీఆర్‌సీఏ2 మార్పు ఉన్న మగవారిలో కూడా రొమ్ము క్యాన్సర్ వచ్చేది వందకు పది మంది కన్నా తక్కువే. ఆయనకు జబ్బు రాకుండానే మార్పు కూతురికి చేరిపోతుంది.

ఇప్పుడు అడగాల్సిన పద్ధతి. ఒక తెల్లకాగితం తీసుకుని అమ్మ వైపు ఒక సగం, నాన్న వైపు ఒక సగం గీసుకోండి. కనీసం మూడు తరాలు రాయాలి: మీరు, మీ తోబుట్టువులు, పిల్లలు, అమ్మానాన్నలు, వాళ్ల తోబుట్టువులు, తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ. వీలైతే పెద్దమ్మ పిల్లలను, మేనత్త పిల్లలను కూడా చేర్చండి. ఆరోగ్యంగా ఉన్నవారినీ వదలొద్దు, ఎంతమందిలో ఎంతమందికి వచ్చిందన్నదే లెక్క. ప్రతి ఒక్కరి పక్కన ఇప్పటి వయసు లేదా పోయినప్పటి వయసు రాయండి. క్యాన్సర్ వచ్చినవారికి ఏ అవయవంలో మొదలైంది, ఏ వయసులో బయటపడింది, ఒక రొమ్ముకా రెండింటికా అన్నవి రాయండి. బయటపడిన వయసు, చనిపోయిన వయసు వేర్వేరు. ‘యాభై ఏళ్లకు పోయింది’ అన్నప్పుడు జబ్బు 43కే దొరికి ఉండవచ్చు, ఆ తేడా వల్ల మొత్తం అంచనాయే మారిపోతుంది.

మన పిలుపుల దగ్గర ఒక చిక్కు ఉంది, ఆశా కార్యకర్తలూ నర్సులూ దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి. పెద్దమ్మ అంటే అమ్మ అక్క కావచ్చు, పెదనాన్న భార్య కావచ్చు. పిన్ని అంటే అమ్మ చెల్లెలో, బాబాయి భార్యో. అత్త అయితే నాన్న తోబుట్టువో, మేనమామ భార్యో, భర్త తల్లో. రక్తసంబంధం ఉన్నవారి జబ్బే ఈ లెక్కలోకి వస్తుంది. అందుకే ‘పెద్దమ్మకు వచ్చింది’ అన్నప్పుడు ‘అమ్మకు సొంత అక్కేనా?’ అని వెంటనే అడగాలి. ‘మా అక్క’ అన్నప్పుడు తోడబుట్టిన అక్కా, పెద్దమ్మ కూతురా అన్నదీ తేల్చుకోవాలి. మేనరికం కాకపోతే కోడలికి అత్తగారి క్యాన్సర్ వల్ల ఏ ముప్పూ లేదు, కానీ అదే అత్తగారి మనవరాళ్లకు ఉంటుంది.

పాత తరం వారి జబ్బుల పేర్లు కూడా జాగ్రత్తగా వినాలి. ‘కడుపులో గడ్డ’, ‘కడుపు ఉబ్బి నీరు తీసేవారు’ అన్న మాటల వెనక అండాశయ క్యాన్సర్ ఉండొచ్చు. ‘ఎముకల క్యాన్సర్’, ‘లివర్ క్యాన్సర్’ అని చెప్పినది చాలాసార్లు రొమ్ములో మొదలై అక్కడికి పాకినది. పాత బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ బీరువాలో ఎక్కడైనా ఉంటే తీసి పెట్టుకోండి. ‘ట్రిపుల్ నెగటివ్’ (ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్, హెర్2 గ్రాహకాలు మూడూ లేని రొమ్ము క్యాన్సర్) అన్న మాట అందులో కనిపిస్తే అది చాలా విలువైన సమాచారం, ఎందుకంటే బీఆర్‌సీఏ1 కుటుంబాల్లో ఈ రకం ఎక్కువ.

మన రెండు రాష్ట్రాల్లో వంశవృక్షాన్ని మసకబార్చే విషయం మరొకటి ఉంది. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకునే అలవాటు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశం మొత్తం మీద 3.2 శాతమే. ఆపరేషన్‌లో అండాశయాలూ తీసేసి ఉంటే, ఆ మహిళకు రావాల్సిన అండాశయ క్యాన్సర్ రాకుండా పోయి ఉండవచ్చు. అప్పుడు వంశంలో జబ్బు లేనట్టే కనిపిస్తుంది, మార్పు మాత్రం పిల్లలకు చేరి ఉంటుంది. అందుకే ‘గర్భసంచి తీశారా? ఎన్నో ఏట? అండాశయాలు ఉంచారా, తీశారా?’ అన్న మూడూ అడగాలి. మరోవైపు, గర్భసంచి ఒక్కటే తీయించుకుని ‘ఇక ఆ భయం లేదు’ అనుకునేవారూ ఉన్నారు. అండాశయాలు ఉన్నంతకాలం అండాశయ క్యాన్సర్ ముప్పు అలాగే ఉంటుంది.

మేనరికాల గురించి చాలామంది అడుగుతారు. బీఆర్‌సీఏ మార్పు ఒక ప్రతిలో ఉంటే చాలు ముప్పు పెరుగుతుంది, కనుక మేనరికం వల్లే రొమ్ము క్యాన్సర్ వస్తుందనడం సరికాదు. కానీ అమ్మాయి సొంత మేనమామను చేసుకున్న ఇంట్లో, పిల్లల నాయనమ్మే వాళ్ల అమ్మకు అమ్మమ్మ కూడా. ఆమె దగ్గర మార్పు ఉంటే అది భర్త వైపు నుంచీ భార్య వైపు నుంచీ రావచ్చు. దంపతులిద్దరి దగ్గరా ఒకే బీఆర్‌సీఏ2 మార్పు ఉంటే ప్రతి బిడ్డకూ రెండు ప్రతులూ చెడి పుట్టే అవకాశం 25 శాతం. అలా పుట్టిన బిడ్డలకు ఫ్యాంకోని అనీమియా అనే తీవ్రమైన జబ్బు వస్తుంది, చిన్నప్పుడే రక్తకణాలు పడిపోతాయి. క్యాన్సర్లు ఉన్న కుటుంబంలో మేనరికం కుదిరితే, పిల్లల కోసం ప్రయత్నించక ముందే జెనెటిక్ కౌన్సెలర్‌ను కలవాలి. వంశవృక్షం గీసేటప్పుడు అలాంటి దంపతులను జంట గీతతో కలపండి, చూసేవారికి వెంటనే తెలుస్తుంది.

మార్పు కొడుక్కీ సగం అవకాశంతోనే వస్తుంది. ఆడపిల్ల సంబంధాలు చెడతాయని మేనత్త జబ్బును దాచిపెట్టే ఇళ్లలో ఈ ముక్క అసలు తలకెక్కదు. అబ్బాయి వైపు నుంచీ అది అంతే వస్తుంది. బీఆర్‌సీఏ2 ఉన్న మగవారికి ప్రోస్టేట్, పాంక్రియాస్ క్యాన్సర్ల ముప్పు కూడా ఎక్కువ. దాచినందువల్ల నష్టపోయేది ఆ ఇంటి పిల్లలే. 25 ఏళ్లకు మొదలుపెట్టాల్సిన పరీక్షలు 45కి, అదీ గడ్డ వచ్చాక మొదలవుతాయి.

జన్యు పరీక్ష ఎవరికి అవసరమన్నది కూడా స్పష్టంగా చెప్పాలి. 50 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, ట్రిపుల్ నెగటివ్ రకం వచ్చినవారు, రెండు రొమ్ములకూ వచ్చినవారు, రొమ్ము క్యాన్సర్ వచ్చిన మగవారు, ఏ వయసులోనైనా అండాశయ క్యాన్సర్ వచ్చినవారు, ఒకే వైపు ఇద్దరు ముగ్గురు దగ్గరి బంధువులకు ఈ జబ్బులున్నవారు. ముందుగా పరీక్ష చేయాల్సింది జబ్బు వచ్చినవారికి. పైన చెప్పిన కుటుంబంలో మేనత్త బతికి ఉంటే మొదటి శాంపిల్ ఆమెది కావాలి. ఆమెకు మార్పు దొరికితే తర్వాత తండ్రికి, ఆయనకు ఉంటేనే కూతుళ్లకూ కొడుకులకూ. తండ్రికి లేదని తేలితే ఆ మార్పు కోసం పిల్లలకు పరీక్షే అక్కర్లేదు. ఈ రెండో విడత పరీక్షల్లో తెలిసిన ఒక్క మార్పునే వెతుకుతారు కనుక ఖర్చు కూడా బాగా తక్కువ. దీన్ని తలకిందులు చేసి, ఆరోగ్యంగా ఉన్న కూతురికే ముందు పరీక్ష చేయించి ‘నెగటివ్’ అని ఊపిరి పీల్చుకునేవారు ఉన్నారు. ఇంట్లో ఉన్న మార్పేమిటో తెలియకుండా వచ్చిన ఆ నెగటివ్‌కు అర్థం చాలా తక్కువ.

ఊదా రంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో 3 నుంచి 5 మిల్లీలీటర్ల రక్తం చాలు, ఉపవాసం అక్కర్లేదు. రిపోర్టుకు సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. శాంపిల్ ఇచ్చే ముందే ల్యాబును ఒకటి అడగండి: డీఎన్‌ఏ అక్షరాల మార్పులతోపాటు జన్యువులో పెద్ద ముక్కలు ఎగిరిపోవడం, రెండింతలవడం కూడా చూస్తారా? ఎంఎల్‌పీఏ లాంటి పద్ధతితో అది చూడకపోతే కొన్ని కుటుంబాల్లో అసలు కారణం తప్పిపోతుంది. రిపోర్టు మూడు రకాలుగా వస్తుంది: జబ్బు కలిగించే మార్పు ఉంది, లేదు, లేదా ‘వీయూఎస్’, అంటే అర్థం ఇంకా తేలని మార్పు. అంతర్జాతీయ డేటాబేసుల్లో భారతీయుల సమాచారం తక్కువగా ఉండటంతో మనవాళ్లకు ఈ మూడో రకం ఎక్కువగా వస్తుంది. వీయూఎస్‌ను చూసి రొమ్ములు, అండాశయాలు తీయించుకోవడం పెద్ద పొరపాటు. దాన్ని పట్టుకుని ఇంటిల్లిపాదికీ పరీక్షలు చేయించడమూ తప్పే. ఆ కాగితం దాచుకుని ఏడాదికో రెండేళ్లకో ఒకసారి ల్యాబునో కౌన్సెలర్‌నో అడగండి, వర్గీకరణ మారుతుంటుంది. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. పరీక్షకు ముందోసారి, తర్వాతోసారి కౌన్సెలింగ్ లేకుండా రిపోర్టు చేతికి తీసుకోవద్దని మా గట్టి సలహా.

మార్పు ఉందని తేలితే చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిన పనిలేదు. 25 ఏళ్ల నుంచి ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి డాక్టరు చేత రొమ్ము పరీక్ష, ఏడాదికోసారి ఎంఆర్ఐ. 30 నుంచి దానికి తోడు ఏటా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే). రొమ్ములు ముందే తీయించుకుంటే రొమ్ము క్యాన్సర్ ముప్పు 90 శాతానికి పైగా తగ్గుతుంది, కానీ అది తొందరపడి తీసుకోవాల్సిన నిర్ణయం కాదు, పరీక్షలతో జాగ్రత్తగా ఉండటమూ సరైన దారే. అండాశయాల సంగతి వేరు. స్కానింగ్, సీఏ-125 రక్తపరీక్ష ఈ క్యాన్సర్‌ను వేళకు పట్టుకోలేకపోతున్నాయి. అందుకే పిల్లలు పుట్టడం పూర్తయ్యాక, బీఆర్‌సీఏ1 ఉన్నవారు 35–40 మధ్య, బీఆర్‌సీఏ2 ఉన్నవారు 40–45 మధ్య అండాశయాలనూ ఫాలోపియన్ నాళాలనూ తీయించుకోవాలని సలహా ఇస్తారు. జబ్బు ఇప్పటికే వచ్చినవారికీ ఈ రిపోర్టు పనికొస్తుంది, ఒలాపరిబ్ లాంటి మందులు ఎవరికి పనిచేస్తాయో దాన్ని బట్టే తేలుతుంది.

పరీక్ష చేయించే స్తోమత లేకపోయినా, మార్పు దొరకకపోయినా, వంశంలో గట్టి చరిత్ర ఉన్నవారికి ఒక లెక్క ఉంది. దగ్గరి బంధువుల్లో అతి చిన్న వయసులో జబ్బు బయటపడినవారి వయసు నుంచి పదేళ్లు తీసేయండి. అక్కకు 42లో వస్తే చెల్లెలు 32 నుంచి ఏటా మామోగ్రామ్ మొదలుపెట్టాలి. అమ్మకు 36లో వస్తే లెక్క 26 అవుతుంది, కానీ 30కి ముందు మామోగ్రామ్ వద్దు, రొమ్ము కణజాలం చిక్కగా ఉండి సరిగ్గా కనిపించదు. అప్పటిదాకా డాక్టరు పరీక్ష, అవసరాన్ని బట్టి ఎంఆర్ఐ. మామోగ్రామ్‌కు బహిష్టు మొదలైన రోజు నుంచి ఏడు, పద్నాలుగు రోజుల మధ్య వెళితే నొక్కినప్పుడు నొప్పి తక్కువ. ఆ రోజు చంకల్లో పౌడరు, డియోడరెంట్ వాడొద్దు, వాటిలోని రేణువులు ఫిల్ములో కాల్షియం చుక్కల్లా పడి అనవసరమైన బయాప్సీకి దారితీస్తాయి. పాత రిపోర్టుతోపాటు పాత ఫిల్ములు కూడా తీసుకెళ్లండి, పోల్చి చూడటానికి రేడియాలజిస్టుకు కావలసినవి అవే.

ప్రభుత్వాలకు మా విన్నపం. ఊళ్లలో ఆశా కార్యకర్తలు 30 ఏళ్లు దాటినవారితో నింపించే ‘కమ్యూనిటీ బేస్డ్ అసెస్‌మెంట్ చెక్‌లిస్ట్’లో కుటుంబ చరిత్ర ప్రశ్న ఉంది. అది అడిగేది తల్లిదండ్రులు, తోబుట్టువుల్లో రక్తపోటు, షుగర్, గుండెజబ్బు గురించి. రొమ్ములో గడ్డ ఉందా అని వేరే భాగంలో అడుగుతారు, వంశంలో క్యాన్సర్ ఉందా అని అడగరు. జాతీయ కార్యక్రమం కింద 30–65 ఏళ్ల మహిళలకు అయిదేళ్లకోసారి రొమ్ము పరీక్ష చేయాలి. బీఆర్‌సీఏ కుటుంబంలో 28 ఏళ్ల అమ్మాయి ఈ వలలో పడదు. 31లో పరీక్ష చేయించుకున్న ఆమెకు 33లో వచ్చే గడ్డ కూడా పడదు. ఫారంలో మూడు ప్రశ్నలు చేరిస్తే చాలు: అమ్మ వైపు గానీ నాన్న వైపు గానీ రక్తసంబంధీకుల్లో రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చిందా? వస్తే ఎవరికి, ఎన్నో ఏట? మగవారిలో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా? ఒక్క ‘అవును’ వచ్చినా ఆమెను జిల్లా ఆస్పత్రిలోని ఎన్‌సీడీ (అంటువ్యాధులు కాని జబ్బుల) క్లినిక్‌కు పంపి, అక్కడ వంశవృక్షం గీసి, అవసరమైనవారినే పెద్దాస్పత్రికి పంపవచ్చు. ఈ ప్రశ్నలు ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలని ఆశా, ఏఎన్ఎం శిక్షణలో గట్టిగా చెప్పాలి. పైన చెప్పిన అర్హతలున్న పేద రోగులకు జన్యు పరీక్షను, ఆ తర్వాత వారి రక్తసంబంధీకులకు చేసే పరీక్షను తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఉచితంగా చేయాలి.

మీ పత్రికకూ ఒక విన్నపం. అమ్మ వైపు, నాన్న వైపు గళ్లు వేసిన ఖాళీ వంశవృక్షం ఒకటి మీ ఆదివారం సంచికలో అరపేజీలో అచ్చువేస్తే, నలుగురు బంధువులు కలిసిన పండగ రోజున ఇంట్లో పెద్దవాళ్లను అడిగి నింపుకోవచ్చు. నమూనా తయారుచేసి పంపడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

భవదీయులు,
రొమ్ము క్యాన్సర్ వైద్యం, జెనెటిక్ కౌన్సెలింగ్ రంగాల్లో పనిచేస్తున్న కొందరు వైద్యులు, కౌన్సెలర్లు
హైదరాబాద్